వాసెన మీద సాసేజీలు

నా చిన్నప్పుడు మా వాడలో మాంసం కొనే స్తోమత ఉన్న ఇళ్ళు తక్కువ. మాంసం కొనలేని ఇల్లు పేగులు కొనుక్కునేది. చవకగా వస్తాయి, కూర ఎక్కువవుతుంది, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కాకపోతే కడగడం పెద్ద పని. సన్నటి వెదురు పుల్లతో లోపలిది బయటికి తిరగెయ్యాలి. ఉప్పేసి రుద్దాలి. బియ్యం కడుగు నీళ్ళలో నానబెట్టాలి. పసుపు పట్టించి మళ్ళీ కడగాలి. వాసన పోయేదాకా నీళ్ళు మారుస్తూనే ఉండాలి. అన్నీ అయ్యాక కత్తిపీట ముందు కూర్చుని వేలి కణుపంత ముక్కలు కొయ్యాలి. ఆ పని నాకు తొమ్మిదో ఏటికే పట్టుబడింది. పిల్ల చెయ్యి సన్నం, మడ్డి లేకుండా కడుగుతుందని వాడలో పేరు కూడా వచ్చింది. ఆ పేరు చూసుకుని మురిసిపోయే ఒకనాడు నేను పెద్ద తప్పు చేశాను.

మా అమ్మమ్మ నందిగామ దగ్గర మిషను బంగళాలో వంట చేసేది. మా నాన్న నేను నడవకముందే పోయాడు. అమ్మ మిరప చేలల్లోకి కూలికి పోయేది. బడి లేని రోజు నేను అమ్మమ్మ వెంటే. నేను చదివింది నాలుగో తరగతి వరకే కాబట్టి బడి లేని రోజులే ఎక్కువ అనుకోండి. ఆ బంగళాలో చిన్న ఆసుపత్రి, ఆ ఆసుపత్రికి ఒక ఇంగ్లీషు నర్సు ఉండేది. అందరం నర్సు దొరసాని అనేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళలో నా ఈడు పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. నేనూ అంతే. ఆమెకు తెలుగు వచ్చు. అయితే అది బైబిల్లో తెలుగు. "సహోదరీ, కాఫీ చల్లారిపోయియున్నది" అనేది. మా అమ్మమ్మ నవ్వకుండా ఆ కాఫీ మళ్ళీ కాచి తెచ్చేది. వంటింట్లోకి వచ్చాకే నవ్వేది.

మా అమ్మమ్మ మంచిదే గానీ మెత్తనిది కాదు. మాట కంటే ముందు చెయ్యి వచ్చేది. నా వీపుకి ఆ సంగతి బాగా తెలుసు. ఉప్పు రాలితే ఒకటి, చెంబు చొట్ట పడితే రెండు. ఎందుకు రాలింది, ఎలా పడింది అని అడగడం తర్వాతి మాట. అడిగేటప్పటికి చెప్పడానికి నాకు గొంతు ఉండేది కాదు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక దొరసానికి చలిజ్వరం వచ్చింది. పది పన్నెండు రోజులకు జ్వరం వదిలింది గానీ నోరు చచ్చిపోయింది. జావ పెడితే వద్దంది. గుడ్డు ఉడకబెట్టి ఇస్తే వద్దంది. అమ్మమ్మ రోజూ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళడం, తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే వెనక్కి తేవడం. మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఒకరోజు పెద్ద డాక్టరు దొర జీపులో వచ్చాడు. గదిలో వాళ్ళ భాషలో గట్టిగానే మాట్లాడాడు. పోతూ పోతూ మా అమ్మమ్మకి అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పాడు: సోమవారం మళ్ళీ వస్తాను, అప్పటికి ఈమె తినడం మొదలుపెట్టకపోతే ఓడెక్కించి వాళ్ళ దేశం పంపించేస్తాను, ఇక తిరిగి రాదు. జీపు వెళ్ళాక దొరసాని గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని నాకు తెలిసింది. పెద్దవాళ్ళు, అందులోనూ తెల్లవాళ్ళు, అలా ఏడుస్తారని నేను అంతకుముందు అనుకోలేదు.

అమ్మమ్మ నన్ను బయటికి పొమ్మని, మంచం పక్కన నేల మీద చతికిలబడింది. "ఏం తింటావో చెప్పమ్మా. నోటికి ఏదనిపిస్తే అది చెప్పు. చెట్టెక్కమన్నా ఎక్కుతా" అంది.

దొరసాని మెల్లగా నోరు విప్పింది. చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ప్రతి శనివారం వాళ్ళమ్మ సాసేజీలు చేసేదట. పంది మాంసం సన్నగా కొట్టి, ఎండు రొట్టె పొడి, మిరియాలు, జాజికాయ, ఒక రకం ఎండాకు కలిపి, పేగులో కూరి, మధ్య మధ్య మెలితిప్పి, పెనం మీద ఎర్రగా వేయించేదట. పక్కన వెన్న వేసి మెదిపిన బంగాళాదుంప, పైన ఉల్లిపాయ రసం. అది చెబుతున్నంతసేపూ ఆమె చేతులు గాల్లో పేగు మెలితిప్పుతూనే ఉన్నాయి. తర్వాత చేతులు దుప్పటి మీద పెట్టేసుకుని, "ఇచ్చట అది కుదరదు. పోనిమ్ము" అంది.

"కుదరకపోవడమేంది? పేగులు మాకు తెలీవా, మాంసం మాకు తెలీదా? కూరడం ఒక్కటేగా కొత్త" అంది అమ్మమ్మ.

కుదరదనడానికి కారణం వేరే ఉంది. ఆ బంగళాలో ఎప్పుడూ పంది మాంసం వండలేదు. ఆసుపత్రికి అన్ని మతాల వాళ్ళూ వస్తారు, ఎవరి మనసూ నొచ్చుకోకూడదని దొరసానే ఆ కట్టడి పెట్టింది. తన కోసం ఆ కట్టడి తప్పడం ఆమెకు ఇష్టం లేదు. అమ్మమ్మ ఆలోచించి, మా ఇంటి దగ్గర, మా గిన్నెల్లో, మా పొయ్యి మీద వండి, మూతపెట్టి తెస్తానని ఒప్పించింది. దొరసాని తలగడ కింద నుంచి చిన్న రేకు డబ్బా తీసి ఇచ్చింది. అందులో వాళ్ళ దేశపు ఎండాకు పిడికెడు ఉంది. ఎన్నాళ్ళు దాచుకుందో ఏమో.

పంది మాంసం కావాలంటే జగ్గయ్యపేట పోవాలి. అక్కడ వారానికి ఒక్కసారి, శనివారం పొద్దున కోసేవాళ్ళు. మా మామయ్య కోడి కూయకముందే సైకిలెక్కి వెళ్ళాడు. బస్సులో వెళ్దామంటే, తిరిగొచ్చేటప్పుడు ఆ సంచితో కండక్టరు ఎక్కనివ్వడు. ఎండెక్కే వేళకి చెమటలు కక్కుతూ వచ్చి, మాంసం, కొవ్వు ఒక ఆకు పొట్లం, పేగులు ఒక పొట్లం పెట్టాడు. పేగులు ఉన్నవే కొంచెం, మిగతావి ముందే ఎవరో కొనుక్కుపోయారట. ఇక మళ్ళీ శనివారం దాకా లేవు. సోమవారం డాక్టరు దొర వస్తాడు. ఉన్నదల్లా ఆ పొట్లం, ఆ ఒక్క రోజు.

అమ్మమ్మ రెండు కత్తులు పుచ్చుకుని మాంసం కొట్టడానికి కూర్చుంది. పేగుల పొట్లం నా చేతికిచ్చి, "దొరసాని తినేది. శుభ్రంగా చేసి పెట్టు" అంది.

నాకు ఆనందం పట్టలేదు. వాడలో పేరు తెచ్చుకున్న చెయ్యి, ఇప్పుడు దొరసాని దాకా పోతోంది. బావి దగ్గర కూర్చుని ఎప్పుడూ కడిగేదానికి రెండింతలు కడిగాను. తిరగేశాను, ఉప్పు రుద్దాను, కడుగు నీళ్ళు పోశాను. పసుపు మాత్రం వెయ్యలేదు, దొరలు పసుపు తినరని నాకు తెలుసు. ఆ తెలివి ఉంది చూడండి! కడిగి కడిగి, కాగితంలా తెల్లగా అయ్యాక, కత్తిపీట ముందేసుకుని చేతికి అలవాటైన పని చేశాను. కణుపంత ముక్కలు. ఒకటి పెద్దది కాకుండా, ఒకటి చిన్నది కాకుండా, అచ్చులో పోసినట్టు. చివరి ముక్క దాకా కోసి, తట్టలో పరిచి, మెచ్చుకుంటుందని అమ్మమ్మ ముందు పెట్టాను.

అమ్మమ్మ అప్పటికి మాంసం, కొవ్వు, రొట్టె పొడి, మిరియాలు, ఆకు అన్నీ కలిపి ముద్ద చేసి ఉంచింది. చెయ్యి కడుక్కుని, "ఏవే పిల్లా, పేగులు?" అంది.

"ఇవిగో."

తట్టలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ తట్టలోకి చూసింది. నాకు అప్పుడు గాని తట్టలేదు. ముక్కల్లో మాంసం ఎవరూ కూరలేరు కదా.

మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోపు కూడా పెట్టేసి తేవాల్సింది. ఇంత దూరం సైకిలు తొక్కింది ఇందుక్కాదూ! ఇంక దొరసాని ఓడెక్కినట్టే" అన్నాడు.

అమ్మమ్మ చెయ్యి లేచింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని వీపు వంచాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూద్దును కదా, లేచిన చెయ్యి తలమీద దండేన్ని పట్టుకుని ఉంది. దాని మీద ఆరేసిన తాతయ్య పాత పంచె ఒకటి ఉంది, ఉతికి ఉతికి వలలా పల్చబడింది. అమ్మమ్మ దాన్ని లాగి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"నువ్వు నోరు ముయ్యరా" అంది మామయ్యని. "ఎవరు చేశారో తర్వాత చూద్దాం. ముందు ఏం మిగిలిందో చూడనీ."

మిగిలింది మాంసం ముద్ద. దానికి మాత్రం ఏ లోటూ రాలేదు. అమ్మమ్మ పంచెని జానెడు పేలికలుగా చింపి, నీళ్ళలో మరగబెట్టి, పిండింది. ముద్దలోంచి కొంచెం కొంచెం తీసి, తడి చేత్తో బొటనవేలంత లావున పొడుగ్గా చేసింది. ఒక్కోదాన్ని ఒక్కో పేలికలో చుట్టి, రెండు కొసలూ దారంతో కట్టమని నాకిచ్చింది. నా మొదటి ముడి జారిపోయింది. "గట్టిగా కట్టు, ఊపిరాడకుండా" అంది, అంతే. కోపం ఆ గొంతులో లేదు, పని ఉంది.

తర్వాత వాసెన కట్టింది. మా వైపు ఆవిరి కుడుము చేసేదలాగే. కుండలో సగానికి నీళ్ళు పోసి, మూతికి గుడ్డ బిగించి కట్టి, ఆ గుడ్డ మీద కుడుములు పెట్టి, పైన గిన్నె బోర్లించి ఉడికిస్తారు. ఆ రోజు కుడుములుండే చోట దొరల సాసేజీలు పడుకున్నాయి. మామయ్య కూడా నవ్వు మానేసి పొయ్యి ముందు కూర్చుని మంట ఎగదోశాడు. ఆవిరి వచ్చేసరికి మిరియాల వాసనతో, ఎప్పుడూ ఎరగని ఆ ఆకు వాసనతో వాడంతా నిండిపోయింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తలపెట్టి, "ఏంటొదినా, మందేమైనా కాస్తున్నావా?" అంది. "మందే" అంది అమ్మమ్మ.

ఉడికినాక దించి, చల్లారనిచ్చి, దారాలు తెంపి, పేలికలు విప్పాం. విరుగుతాయేమోనని నేను కొస నుంచి ఒక్కో మడతే ఒలిచాను. ఒక్కదానికి మాత్రం నడుం విరిగింది. మిగతావి నిలబడ్డాయి, వాటి ఒంటి మీద పంచె నేత అచ్చు గీతలు పడి ఉన్నాయి. పంది కొవ్వు కరిగించిన పెనం మీద వాటిని మెల్లగా దొర్లిస్తే ఆ గీతల మీదే ఎరుపు ఎక్కింది. అదే కొవ్వులో ఉల్లిపాయలు నల్లబడకుండా వేయించి, చెంచా పిండి చల్లి, దుంపలుడికిన నీళ్ళు పోసి రసం చేసింది. నీళ్ళు కూడా పారబొయ్యలేదు చూడండి. దుంపల్ని పప్పుగుత్తితో మెదిపి, గేదె వెన్న, కాచిన పాలు, ఉప్పు వేసింది. పోపు పెట్టని దుంపని చూసి ఆమె చెయ్యి రెండుసార్లు ఆవాల డబ్బా దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఎట్లా తింటారో తల్లీ, బోసి మెడలాగుంది" అని గొణుక్కుంది.

బంగళాకి నేను కూడా వెళ్ళాను, వెళ్ళక తప్పలేదు, దుంపల గిన్నె నా నెత్తిన ఉంది. అమ్మమ్మ పళ్ళెం సర్ది దొరసాని ముందు పెట్టింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆమె ఇప్పుడు వద్దంటే అది నా వల్లే. ఓడెక్కితే అది నా వల్లే. ఆసుపత్రికొచ్చే తల్లులందరూ నన్నే వేలు పెట్టి చూపిస్తారు. తొమ్మిదేళ్ళ పిల్ల బుర్రలో అంతకంటే పెద్ద భయం పట్టదు.

దొరసాని దిండుకి ఆనుకుని పళ్ళెం వైపు చూసింది. ఫోర్కుతో ఒక సాసేజీని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"సహోదరీ, దీని చొక్కా యెక్కడ?"

అమ్మమ్మ నా పేరు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"ఉక్కపోస్తోందని విప్పేసిందమ్మా" అంది.

దొరసాని నవ్వింది. ముందు గొంతులో, తర్వాత పొట్టలోంచి, కళ్ళ నీళ్ళు కారేట్టు. ఆ నవ్వులో దగ్గొచ్చింది, అమ్మమ్మ వీపు నిమిరింది. నవ్వు ఆగాక దొరసాని ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. కళ్ళు మూసుకుని ఇంకో ముక్క. దుంప ఒక చెంచా. ఆ రోజు ఆమె ఒకటిన్నర తింది. మధ్యలో తలుపు వైపు చూసి, "మా అమ్మ చేసినప్పుడు ఆ చొక్కా నాకు నచ్చెడిది కాదు. విప్పి పక్కన పెట్టెడిదానను" అంది. అది నిజమో, నా మొహం కనపడి అన్న మాటో నాకు ఈనాటికీ తెలియదు.

తిరిగొచ్చేటప్పటికి పొద్దు వాలింది. అమ్మమ్మ నేను కోసిన ముక్కల తట్ట ముందేసుకుంది. ఈసారి పసుపు, కారం, అల్లం, ధనియాలు, అన్నీ పడ్డాయి. కూర ఉడుకుతుండగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇప్పుడు ఉంది నాకు, అనుకున్నాను.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు కోశావ్?"

నాకు ఆశ్చర్యం వేసింది. ఆమె నిజంగానే అడుగుతోంది. జవాబు కోసం నా వైపు చూస్తోంది. గొంతు ఉంది నాకు, చెప్పాను. "శుభ్రంగా చేసి పెట్టమన్నావు కదమ్మమ్మా. కడిగాక కొయ్యరా మరి? ఎప్పుడూ కోస్తాంగా."

"కొయ్యొద్దని చెప్పలా నేను?"

"చెప్పలేదు."

"కూరాలని చెప్పలా?"

"ఆ గదిలో దొరసాని చెబుతుంటే నేను బయట ఉన్నా. డాక్టరు దొర వెళ్ళాక నువ్వే పొమ్మన్నావ్."

ఇది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. కిటికీ దగ్గర నిలబడి నేను దొరసాని చేతులు చూశాను, కొన్ని మాటలు విన్నాను. విన్నవి చేతికి ఎక్కలేదు. అది కూడా చెప్పేశాను. చెప్పినా ఏమీ కాలేదు.

అమ్మమ్మ గరిటె పక్కన పెట్టింది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, "అయితే సగం నాదే. నాకు తెలిసింది నీకూ తెలుసనుకున్నా" అంది. ఆ మాట ఆమె నోట అంతకుముందు వినలేదు, ఆ తర్వాత కూడా పెద్దగా వినలేదు. కూర దించి మామయ్యకి, నాకు, గోడ అవతల పెద్దమ్మకి కూడా పెట్టింది. మామయ్య వేళ్ళు నాక్కుంటూ, "కొయ్యడం మాత్రం బాగా కోసింది ముండ" అన్నాడు.

సోమవారం డాక్టరు దొర వచ్చేసరికి దొరసాని కుర్చీలో కూర్చుని ఉంది. ఓడ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఇంకా కొన్నేళ్ళు ఉండి, మా తమ్ముళ్ళ వరస పిల్లలనెందరినో భూమ్మీదికి తెచ్చి, తన ఇష్టం మీద, తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది.

అంత చూసి కూడా నేను ఒక్కసారి తప్పాను. మా పెద్దాడికి ఏడెనిమిదేళ్ళప్పుడు ఆవకాయ జాడీ పగిలింది. ఏడాది పొడుగునా తినాల్సిన పచ్చడి నేలపాలైంది. జాడీ ముక్కల మధ్య వాడు నిలబడి ఉన్నాడు, రెండు అంటించాను. అడగలేదు. వాడూ చెప్పలేదు. వాడికి పెళ్ళయి, పిల్లలు పుట్టాక, ఏదో మాటల మధ్యలో నవ్వుతూ అన్నాడు, పిల్లి తోస్తే పడుతున్న జాడీని పట్టుకోబోయానమ్మా అని. వాడికి నవ్వులాటే. నాకు ఆ పూట అన్నం దిగలేదు. పైగా ఆ ముక్కల మధ్య పై వరస పచ్చడి చాలా మటుకు బాగానే ఉండింది. కోపంలో అంతా ఊడ్చి పారేశాను. కొట్టిన చేత్తోనే ఊడ్చాను.

నా గురించి మా ఇంట్లో వాళ్ళనడగండి, ముసలిది గట్టిది, చెంచా నూనె ఒలికినా ఊరుకోదంటారు. నిజమే, ఊరుకోను. అడుగుతాను. కాకపోతే ముందు కింద కూర్చుని, ఒలికినదాంట్లో ఎత్తుకోదగ్గది ఎత్తుతాను, పగిలినదాంట్లో పనికొచ్చేది ఏరతాను, ఎవరి వల్ల జరిగిందో వాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని ఏరిస్తాను. ఏరడం అయ్యాకే అడుగుతాను. ఆ ఏరుతున్నంతసేపట్లో వాళ్ళకి గొంతు వస్తుంది, నాకు చెవులు వస్తాయి.